నిషేధిత ఉత్ప్రేరకం ఏ ప్రొటీన్‌ని పట్టుకుంటుంది? ల్యాప్‌టాప్ మీద అంచనా వేయడం ఎలా

2016 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్‌తో యూరోపా లీగ్ మ్యాచ్ అయ్యాక లివర్‌పూల్ డిఫెండర్ మామదూ సాకో దగ్గర మూత్రం నమూనా తీసుకున్నారు. అందులో హిజెనమిన్ అనే పదార్థం దొరికింది. కొవ్వు తగ్గడానికి వాడిన సప్లిమెంట్‌లోంచి వచ్చింది. సస్పెన్షన్ పడింది, ఫైనల్ ఆడే అవకాశం పోయింది. ఆ తర్వాత అసలు తగాదా మొదలైంది. ఆ ఏడాది వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో హిజెనమిన్ అన్న పేరే లేదు. ఉన్నదల్లా బీటా-2 అగోనిస్టులన్నీ నిషిద్ధం అన్న మాట. బీటా-2 అనేది కణం మీద అడ్రినలిన్ సంకేతాన్ని అందుకునే ఒక ప్రొటీన్ (రిసెప్టర్), దాన్ని పట్టుకుని పని చేయించే పదార్థమే అగోనిస్టు. మరి ఇది బీటా-2 అగోనిస్టా, కాదా? జూలైలో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ కేసు కొట్టేసింది. 2017 జనవరి నుంచి వాడా ఆ పేరును జాబితాలో చేర్చింది. 2020లో సాకోకి క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చింది.

అన్ని నెలలు నలిగిన ఆ ప్రశ్నలో ఒక ముక్కని మీరు ఒక మధ్యాహ్నం కూర్చుని పరీక్షించొచ్చు. డబ్బు ఖర్చు లేదు. ఇంటర్నెట్, కొంచెం ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఓపిక ఉంటే చాలు. ఫార్మసీ, బయోటెక్ చదివేవాళ్లకి ఇది మంచి ప్రాజెక్టు కూడా. ఉదాహరణకి హిజెనమిన్‌నే తీసుకుందాం.

ఒక్క మాట ముందే. ఈ పద్ధతి చెప్పేది ‘ఈ అణువు ఫలానా ప్రొటీన్‌ని పట్టుకునే అవకాశం ఉంది’ అని మాత్రమే. తాళంచెవి ఏ తాళంలో దూరుతుందో చెప్తుంది. దూరాక తిరుగుతుందా, ఇరుక్కుని ఉండిపోతుందా అన్నది వేరే లెక్క. నేను చూసిన విద్యార్థుల రిపోర్టుల్లో సగం తప్పులు ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చినవే.

ముందు ప్రశ్నని చిన్నది చేసుకోండి

‘హిజెనమిన్ ఆటగాడి సామర్థ్యాన్ని పెంచుతుందా?’ అనేది కంప్యూటర్‌ని అడగాల్సిన ప్రశ్న కాదు. వాడా కూడా ఒక పదార్థాన్ని జాబితాలో పెట్టడానికి మూడు విషయాలు చూస్తుంది: సామర్థ్యం పెంచే అవకాశం, ఆరోగ్యానికి ప్రమాదం, క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కావడం. ఈ మూడింటిలో రెండు ఉంటే చాలు. వీటిలో దేన్నీ అణువు బొమ్మ చూసి తేల్చలేం.

మనం అడగాల్సింది ఇది: మనిషి శరీరంలోని బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్‌ని ఇది పట్టుకుంటుందా? ఇంకేవి పట్టుకుంటుంది? జాబితాలోని చాలా తరగతుల్లో ‘ఇలాంటి రసాయన నిర్మాణం లేదా ఇలాంటి జీవ ప్రభావం ఉన్న ఇతర పదార్థాలు’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. పేరు లేకపోయినా పోలిక ఉంటే పట్టుకుంటాం అన్నమాట. ఆ పోలికని కళ్లతో కాకుండా అంకెలతో కొలవడమే మన పని.

తరగతి పేరూ టార్గెట్ (అణువు పట్టుకునే ప్రొటీన్) పేరూ ఒకటే అనుకోకండి. క్లెన్‌బ్యుటరాల్ పనిచేసేది బీటా-2 రిసెప్టర్ మీదే. కానీ వాడా దాన్ని జాబితాలోని ఎస్3 విభాగంలో బీటా-2 అగోనిస్టుల పక్కన కాకుండా ఎస్1 విభాగంలో అనబాలిక్ (కండ పెంచే) పదార్థాల కింద పెట్టింది. మీ అంచనా సరిగ్గా ఉన్నా తరగతితో సరిపోల్చేటప్పుడు తప్పులా కనిపించొచ్చు.

పేరు నుంచి అణువు దాకా

పబ్‌కెమ్ అనే ఉచిత రసాయన డేటాబేస్‌లో పేరు వెతకండి. హిజెనమిన్‌కి నార్‌కొక్లారిన్ అని ఇంకో పేరుంది, రెండూ ఒకటే. అణువులో 16 కార్బన్లు, 17 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, 3 ఆక్సిజన్లు ఉండాలి, అణుభారం సుమారు 271.3 రావాలి. ఈ అంకెలు సరిపోకపోతే మీరు తెరిచింది వేరే పేజీ. ఎక్కువగా జరిగేది హైడ్రోక్లోరైడ్ లవణం పేజీ తెరవడం. అందులో క్లోరిన్ అదనంగా ఉంటుంది. నేను మొదటిసారి చేసినప్పుడు లవణంతో సహా లెక్క వేసేసి, పోలికలు ఎందుకు తగ్గాయో తెలియక ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. లవణం తీసేయడం మొదటి నియమంగా పెట్టుకోండి.

ఆ పేజీలో అణువుని ఒక వరుసలో అక్షరాలతో రాసిన రూపం ఉంటుంది. దాన్ని స్మైల్స్ అంటారు. దాన్ని కాపీ చేసుకోండి. ఇకమీద ప్రతి సైటూ అడిగేది అదే.

రెండు చిన్న విషయాలు ఇక్కడే చూసుకోవాలి. ఒకటి, కుడి ఎడమల తేడా. హిజెనమిన్‌లో ఒక కైరల్ కేంద్రం ఉంది. అద్దంలో బొమ్మలాంటి రెండు రూపాలు రిసెప్టర్ మీద ఒకేలా పనిచేయవు. ఆస్తమా మందు సాల్బ్యుటమాల్ కూడా బీటా-2 అగోనిస్టే. అందులో అసలు పని చేసేది ఆర్ రూపం, అందుకే లెవోసాల్బ్యుటమాల్ అని విడిగా కూడా అమ్ముతారు. మామూలు పోలిక లెక్కలు ఈ తేడాని పట్టించుకోవు. రెండోది, శరీరంలోకి వెళ్లాక మారిపోయే మందులు. బాంబ్యుటరాల్ శరీరంలో టెర్బ్యుటలిన్‌గా మారాక పనిచేస్తుంది. అలాంటి మందు అయితే మింగిన అణువుతో పాటు మారిన అణువుకి కూడా లెక్క వేయాలి.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. హిజెనమిన్ మొక్కల్లో దొరుకుతుంది: వసనాభి జాతి మొక్కల్లో, తామర గింజ లోపలి చేదు పచ్చ మొలకలో, టినోస్పోరా క్రిస్పా అనే తీగలో. మన తిప్పతీగ టినోస్పోరా కార్డిఫోలియా, అదే ప్రజాతిలో ఇంకో మొక్క. పేర్లు దగ్గరగా ఉన్నాయని తిప్పతీగ కషాయం మీద ముద్ర వేయకండి. మఖానాని చాలామంది తామర గింజలే అనుకుంటారు, అది యురియేల్ ఫెరాక్స్ అనే వేరే నీటిమొక్క గింజ. కంప్యూటర్‌కి ఇవ్వాల్సింది అణువుని, మొక్క పేరుని కాదు.

పోలికని కొలిచే లెక్క

అణువుని ముక్కలు ముక్కలుగా చూసి, ఏ ముక్కలున్నాయో ఒక పట్టీలో 1, 0లతో గుర్తు పెడతారు. దీన్నే ఫింగర్‌ప్రింట్ అంటారు. ఒక్కో పరమాణువు చుట్టూ రెండు బంధాల దూరం వరకు చూసే మోర్గాన్ పద్ధతి బాగా వాడుకలో ఉంది. రెండు అణువుల వేలిముద్రల్ని టానిమోటో లెక్కతో పోలుస్తారు. లెక్క సులువే. మొదటి అణువులో 40 ముక్కలు, రెండోదానిలో 50, రెండింటికీ ఉమ్మడివి 30 అనుకోండి. 30ని (40 + 50 − 30)తో, అంటే 60తో భాగిస్తే 0.5. అచ్చంగా ఒకటే అయితే 1, ఏ పోలికా లేకపోతే 0.

0.5 అంటే సగం పోలికే కదా అని కొట్టిపారేయకండి. మోర్గాన్ వేలిముద్రల్లో 0.5 అంటే చూడగానే చుట్టాలని తెలిసిపోయే పోలిక. సంబంధం లేని అణువుల మధ్య ఈ అంకె చాలా కింద ఉంటుంది. వేలిముద్ర రకం మార్చితే అంకె అర్థం కూడా మారుతుంది. కాబట్టి ఒక పద్ధతిలో వచ్చిన 0.6ని ఇంకో పద్ధతిలో వచ్చిన 0.6తో పోల్చకండి.

సిద్ధంగా ఉన్న సైట్‌తో మొదటి చూపు

స్విస్‌టార్గెట్‌ప్రెడిక్షన్ అనే సైటు తెరవండి. స్విట్జర్లాండ్‌లోని స్విస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ నడుపుతోంది, ఉచితం. జాతి దగ్గర మనిషిని ఎంచుకుని స్మైల్స్ అతికించి నొక్కండి. అణువు బల్లపరుపు పోలికనీ, మూడు కొలతల ఆకారం పోలికనీ కలిపి చూసి, కాస్త ఆగితే ప్రొటీన్ల పట్టిక ఇస్తుంది.

పట్టికలో మొదటి పేరు చూసి సంబరపడకండి. ముందు ప్రతి ప్రొటీన్ పక్కనా చూపించే ‘తెలిసిన అణువుల’ దగ్గరికి వెళ్లి, ఏ అణువు పోలికతో ఈ పేరు వచ్చిందో చూడండి. అక్కడ మీ అణువే కనిపిస్తే అది అంచనా కాదు, పరీక్ష పేపర్‌లో జవాబు చూసి రాయడం. ఎవరో ల్యాబ్‌లో కొలిచి ఎప్పుడో ఎక్కించిన సమాచారాన్నే సైటు తిరిగి చెప్తోంది. సమాచారంగా అది విలువైనదే, కానీ రిపోర్టులో ‘కంప్యూటర్ అంచనా వేసింది’ అని రాయకూడదు.

డోపమిన్ రిసెప్టర్లు పైన కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మొక్కలు హిజెనమిన్‌ని తయారు చేసేది డోపమిన్‌తోనే. దానికి ఇంకో చిన్న అణువుని కలిపి ఉంగరంలా మూసేస్తాయి. (గసగసాల మొక్క మార్ఫిన్ దారి పట్టేది కూడా ఇక్కడి నుంచే. ఇది మన పనికి అక్కర్లేదు, కానీ తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది.)

ఇప్పుడు మీ చేత్తో మీరే

సైటు ఇచ్చిన జవాబు ఎంత నమ్మొచ్చో తెలియాలంటే ఒక్కసారైనా సొంతంగా చేయాలి. కెంబెల్ అనే డేటాబేస్‌లో ఏ అణువు ఏ ప్రొటీన్‌ని ఎంత గట్టిగా పట్టుకుందో వేల పరిశోధనా పత్రాల నుంచి ఏరి పెట్టారు. ఇంగ్లండ్‌లోని హింక్స్‌టన్ నుంచి యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. అందులో మనిషి బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్ వెతికి, దాని మీద పరీక్షించిన అణువులన్నీ డౌన్‌లోడ్ చేయండి.

అన్నీ ఉంచుకోకండి. బలహీనంగా అంటుకునేవాటిని కూడా చుట్టాలుగా లెక్కేస్తే పట్టిక నిండా చెత్త చేరుతుంది. కెంబెల్ బలాన్ని ఒక లాగరిథం అంకెగా ఇస్తుంది, అంకె పెద్దదైతే పట్టు గట్టిది. 10 మైక్రోమోలార్ అంటే 5, 1 మైక్రోమోలార్ అంటే 6, 100 నానోమోలార్ అంటే 7. నేను 6, ఆపైన ఉన్నవే తీసుకుంటాను. ఎలుకల రిసెప్టర్ కొలతలు, ‘ఇంతకన్నా ఎక్కువ’ అని మాత్రమే రాసిన కొలతలు తీసేయండి. ఒకే అణువుకి నాలుగు కొలతలుంటే మధ్యస్థం తీసుకోండి.

ఇక్కడ ఆర్‌డీకిట్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీ కావాలి. ల్యాప్‌టాప్ పాతదైతే బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కోలాబ్‌లో నడపండి. కోడ్ చేయాల్సింది నాలుగే పనులు: లవణాలు తీసేయడం, ప్రతి అణువుకీ మోర్గాన్ వేలిముద్ర తీయడం, హిజెనమిన్‌తో టానిమోటో లెక్కించడం, పెద్ద నుంచి చిన్నకి అమర్చడం. పైన వచ్చిన పది అణువుల బొమ్మలు గీయించుకుని మీ కళ్లతో చూడండి.

చూస్తే కథ అర్థమవుతుంది. హిజెనమిన్‌కి బీటా-2 అణువుల్లో దగ్గరి చుట్టం ట్రెటోక్వినాల్. జపాన్‌లో ఆస్తమాకి వాడిన మందు, ట్రైమెటోక్వినాల్ అని కూడా అంటారు. రెండింటికీ ఒకటే చట్రం: పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్ గుంపులున్న టెట్రాహైడ్రోఐసోక్వినోలిన్. తేడా పక్కన వేలాడే ఉంగరంలో మాత్రమే ఉంటుంది. అక్కడ హిజెనమిన్‌కి ఒక హైడ్రాక్సిల్, ట్రెటోక్వినాల్‌కి మూడు మెథాక్సీలు. ఇప్పటి వాడా జాబితాలో ఎస్3 కింద ఈ రెండు పేర్లూ ఉన్నాయి. సాల్బ్యుటమాల్‌తో మాత్రమే పోల్చి ఉంటే ఈ చుట్టరికం కనిపించేది కాదు, ఎందుకంటే అందులో ఆ ఉంగరం మూసి ఉండదు. నమూనా అణువుల గుంపు పెద్దదిగా, రకరకాలుగా ఉండాలనేది ఇందుకే.

ఆ అంకె గొప్పదా, మామూలుదా?

పోలిక 0.6 వచ్చిందనుకోండి. సరే, కానీ దారినపోయే ఏ అణువు తెచ్చినా 0.6 వస్తే? చుట్టాలు ఎక్కువున్న ఇంటి పేరు ప్రతి పెళ్లిలోనూ వినిపిస్తుంది. అడ్రినర్జిక్, డోపమిన్ రిసెప్టర్ల మీద దశాబ్దాలుగా పని జరిగింది, వాటికి తెలిసిన అణువులు చాలా ఎక్కువ. కాబట్టి ఏది వేసినా ఆ పేర్లు పైకి తేలే ప్రమాదం ఉంది.

దీనికి మందు సులువు. కెంబెల్ నుంచి వెయ్యి అణువుల్ని గుడ్డిగా ఏరి, ఒక్కోదానికీ బీటా-2 గుంపుతో వచ్చే అతిపెద్ద పోలికని లెక్కించండి. ఆ వెయ్యి అంకెల వరుసలో హిజెనమిన్ ఎక్కడ నిలబడిందో చూడండి. మొదటి పదిలో ఉంటే మాట్లాడుకోవచ్చు. రెండొందలో స్థానంలో ఉంటే ఇంటికి వెళ్లిపోవచ్చు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ‘సీ’ అనే పద్ధతి ఇదే ఆలోచనని గణాంకాలతో పద్ధతిగా చేస్తుంది.

తర్వాత మీ పద్ధతినే పరీక్షకి కూర్చోబెట్టండి. సాల్బ్యుటమాల్‌ని గుంపులోంచి తీసేసి, తెలియనట్టు మళ్లీ వెతికించండి. బీటా-2 రావాలి. కెఫిన్‌ని వేయండి. 2004 నుంచి అది నిషేధిత జాబితాలో లేదు. అది అడినోసిన్ రిసెప్టర్ల దగ్గరికి వెళ్లాలి, బీటా-2 రాకూడదు. ఈ రెండు పరీక్షలూ తప్పితే మీ హిజెనమిన్ జవాబు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

తిప్పుతుందా, ఇరుక్కుంటుందా

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు ప్రొప్రనొలాల్ వాడి దొరికి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. ప్రొప్రనొలాల్ కూడా బీటా రిసెప్టర్లనే పట్టుకుంటుంది. కానీ పని చేయించదు, అడ్డం కూర్చుంటుంది. గుండె నెమ్మదిస్తుంది, చెయ్యి వణకదు. తుపాకీ పట్టినవాడికి అది లాభం. పరుగు పందెంలో ఉన్నవాడికి నష్టం. అందుకే ఇలా అడ్డుకునే బీటా బ్లాకర్లని వాడా పి1 విభాగం కింద కొన్ని ఆటల్లోనే నిషేధించింది. మన పద్ధతికి ప్రొప్రనొలాల్ ఇచ్చినా ‘బీటా-2’ అనే చెప్తుంది. తాళం ఒకటే, ఫలితాలు ఎదురుబొదురు.

కాబట్టి నమూనా గుంపుని రెండుగా చీల్చండి. కెంబెల్‌లో పరీక్ష రకం అన్న గడి ఉంటుంది. అంటుకోవడం మాత్రమే కొలిచినవి ఒక రకం, కణంలో ఏం జరిగిందో కొలిచినవి ఇంకో రకం. కణంలో సైక్లిక్ ఏఎంపీ (రిసెప్టర్ పనిచేస్తే కణం లోపల పెరిగే సంకేత అణువు) పెరిగిందని చూపిన అణువుల్ని అగోనిస్టుల గుంపులో, అడ్డుకున్నట్టు చూపినవాటిని బ్లాకర్ల గుంపులో పెట్టండి. మీ అణువుని రెండింటితో విడివిడిగా పోల్చండి. బ్లాకర్లలో చాలావాటికి ఆక్సిజన్‌తో మొదలయ్యే ఒక పొడవాటి గొలుసు ఉంటుంది. హిజెనమిన్‌లో అది లేదు. పక్కపక్కన రెండు హైడ్రాక్సిళ్లున్న దాని రూపం అడ్రినలిన్ వైపు మొగ్గుతుంది. కణాల మీద చేసిన ప్రయోగాలు కూడా ఆ వైపే ఉన్నాయి. వాటిని మీ రిపోర్టులో అంచనాకి పక్కన, వేరే పేరాలో పెట్టండి.

డాకింగ్ చేయాలా?

డాకింగ్ అంటే ప్రొటీన్ గుంటలో అణువు ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌తో అమర్చి చూడడం. చాలామంది నేరుగా ఇక్కడికే వస్తారు, బొమ్మలు బాగుంటాయి కదా. నా అభిప్రాయం: చేయండి, కానీ చివర్లో చేయండి. బీటా-2 రిసెప్టర్ స్ఫటిక నిర్మాణం 2007లో వచ్చింది. అయితే అందులో కరజొలాల్ అనే అడ్డుకునే అణువు కూర్చుని ఉంది, అంటే రిసెప్టర్ నిద్రపోతున్న భంగిమలో ఉంది. 2011లో పనిచేస్తున్న భంగిమ, సంకేతాన్ని కణం లోపలికి అందించే జీ ప్రొటీన్‌తో సహా దొరికింది. ఆ మరుసటి ఏడాదే ఈ రిసెప్టర్ల మీద పనిచేసిన శాస్త్రవేత్తలు కోబిల్కా, లెఫ్‌కోవిట్జ్‌లకి నోబెల్ వచ్చింది. అగోనిస్టు అనుకుంటున్న అణువుని నిద్రపోతున్న నిర్మాణంలో డాక్ చేసి స్కోరు తక్కువని వదిలేయకండి, మేలుకున్న నిర్మాణాన్నే వాడండి.

ఆటోడాక్ వినా అనే ఉచిత ప్రోగ్రాం చాలు. ముందు ఆ స్ఫటికంలో ఉన్న అణువునే తీసి మళ్లీ డాక్ చేయండి. అసలు చోటుకి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు రాకపోతే పెట్టె (ప్రోగ్రాం అణువుని వెతికే చోటు) కొలతలు సరిచేయండి. హిజెనమిన్ భంగిమలో రెండు విషయాలు చూడండి: నైట్రోజన్ 113వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లాన్ని తాకుతోందా, పక్కపక్క హైడ్రాక్సిళ్లు 203, 207 స్థానాల్లోని సెరిన్ల వైపు ఉన్నాయా. స్కోరు అంకెకన్నా ఈ రెండే ముఖ్యం. స్కోరు ఒక్క పాయింట్ పెరిగిందని ఇది ఇంకో మందుకన్నా బలమైనది అని రాసేవాళ్లని చూశాను. వినా స్కోర్లకి అంత శక్తి లేదు.

డోసు గురించి రెండు మాటలు

సాల్బ్యుటమాల్ టార్గెట్ ఏదో అందరికీ తెలుసు. అయినా ఇన్‌హేలర్‌తో 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా తీసుకుంటే వాడా అనుమతిస్తుంది. టార్గెట్ తెలిసినంత మాత్రాన నిషేధం తేలదు. రక్తంలో చేరే మోతాదు, టార్గెట్‌ని పట్టుకోవడానికి కావాల్సిన మోతాదు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది మనం లెక్కించలేం, ప్రచురితమైన మానవ పరీక్షల నుంచి తెచ్చుకోవాలి.

బీటా-1 రిసెప్టర్‌కి కూడా ఇదే పద్ధతి మళ్లీ నడపడం మరిచిపోకండి. గుండెలో ఎక్కువగా ఉండేది అదే. సప్లిమెంట్ తాగినవాళ్లకి దడ ఎందుకు వస్తుందో ఆ పట్టికలో దొరకొచ్చు.

ఈ పద్ధతి చేతులెత్తేసే చోట్లు

మెల్డోనియం అనే గుండె మందు మీద ప్రయత్నించి చూడండి. 2016 జనవరి 1న నిషేధించారు, ఆ నెలలోనే మరియా షరపోవా దొరికింది. శరీరం కార్నిటిన్ తయారు చేసుకునే దారిలో ఒక ఎంజైమ్‌ని ఆపుతుంది. కానీ అణువు చాలా చిన్నది, ఒక్క ఉంగరం కూడా లేదు, ఆ ఎంజైమ్‌కి తెలిసిన అణువులు కూడా తక్కువే. చుట్టాలు లేనివాళ్లని చుట్టరికంతో వెతకలేం. ఈపీవో (ఎర్ర రక్తకణాల్ని పెంచేది) లాంటి పెద్ద ప్రొటీన్ హార్మోన్లకి ఈ వేలిముద్రలు పనికిరావు. రక్తం ఎక్కించుకోవడం లాంటి పద్ధతుల్లో వెతకడానికి అణువే ఉండదు.

చివరగా, మీ కాలేజీలోనో జిమ్‌లోనో ఆడేవాళ్లెవరైనా డబ్బా పట్టుకొచ్చి ‘ఇది వేసుకోవచ్చా’ అని అడిగితే ఈ పట్టిక చూపించి జవాబు చెప్పకండి. లేబుల్ మీద లేనిది డబ్బాలో ఉండొచ్చు, నమూనాలో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. మందు అయితే నాడా (మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో చూసుకోమనండి, టీమ్ డాక్టర్‌ని అడగమనండి. సప్లిమెంట్ అయితే అనుమానం తీరేదాకా మూత తెరవొద్దనండి.

రిపోర్టులో మీరు రాయాల్సిన వాక్యం దాదాపు ఇలా ఉండాలి: ‘హిజెనమిన్‌కి తెలిసిన బీటా-2 అగోనిస్టులతో పోలిక ఇంత, గుడ్డిగా ఏరిన వెయ్యి అణువుల్లో దాని స్థానం ఇంత, బ్లాకర్లతో పోలిక ఇంత. దగ్గరి చుట్టం ట్రెటోక్వినాల్. వాడిన కెంబెల్ వెర్షన్, తేదీ, బలం హద్దు ఇవి.’ వెర్షన్ నంబరు తప్పకుండా రాయండి. వచ్చే ఏడాది మీ జూనియర్ అదే లెక్క వేస్తే అంకెలు వేరేగా వస్తాయి, అప్పుడు కారణం డేటాబేస్‌లో ఉందా, మీ కోడ్‌లో ఉందా అన్నది ఆ నంబరు చూస్తేనే తెలుస్తుంది.